తిండికి ముందర

పోయిన నెల వర్తూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దాని మనవడికి తొమ్మిదేళ్ళు, ఈమధ్యే వాడికి చక్కెర జబ్బు బయటపడింది. ఓదార్పు మాటలు నాలుగు బస్సులోనే సిద్ధం చేసుకుని వెళ్ళాను కానీ అవి అక్కర పడలేదు. పిల్లాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా చొక్కా పైకెత్తి, పెన్నులాంటి సూదిని పొట్టకు ఆనించి, నొక్కబోతూ వాళ్ళమ్మను అడిగాడు: "అమ్మా, ఇది తిండికి ముందరా, తిండి అయినాకనా?" నా చేతిలో కాఫీ లోటా జారి చీర మీద ఒలికింది. వయసు మీద పడింది పాపం అని చెల్లెలు తుడుస్తూ కూర్చుంది. వయసుకు దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ పిల్లాడి నోట్లోంచి వచ్చిన మాటతోనే నేను ఒకప్పుడు ఒక పిల్లను చంపినంత పని చేశాను. ఇన్నేళ్ళలో ఎన్నో రాశాను, ఈ సంగతి మాత్రం రాయలేదు. సిగ్గు తప్ప వేరే కారణం లేదు.

మేము లింగరాజపురంలో ఉండేవాళ్ళం. తాతల కాలంలోనే చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నాన్న చర్చి బడిలో హెడ్మాస్టరు. మా ఇంట్లో పొద్దు ఉప్పిట్టు వాసనతోనూ బెత్తం చప్పుడుతోనూ మొదలయ్యేది. అమ్మ వంటింట్లో రవ్వ వేయించేది, ఆవాలు చిటపటమనేవి, కరివేపాకు ఘాటు నడవంతా నిండేది. ఆకలితో పేగులు మెలిపడుతుండగా మేము నలుగురు పిల్లలం నాన్న ముందు వరసగా నిలబడి ఆ రోజు బైబిలు వాక్యం అప్పజెప్పాలి. 'తిండికి ముందర వాక్యం' అన్నది ఆయన చట్టం. ఒక పదం తప్పితే అరచేతి మీద ఒక దెబ్బ, రెండు తప్పితే రెండు. మా తమ్ముడికి నత్తి. ఆ సంగతి మాకూ తెలుసు, నాన్నకూ తెలుసు. అయినా కొట్టేవాడు, కొట్టినాక వాడి చేతికి తానే కొబ్బరినూనె రాసేవాడు. అప్పుడు అమ్మ "తిండి అయ్యింది, రండప్పా" అని పిలిచేది. వాచిన చేతులతోనే వేడి ఉప్పిట్టు తినేవాళ్ళం. చుట్టూ ఉన్న కన్నడం వాళ్ళలాగే మా బెంగుళూరు తెలుగువాళ్ళకు కూడా పొద్దున తినేది ఒక్కటే తిండి. మధ్యాహ్నం తినేది అన్నం, రాత్రి తినేది రాగి ముద్ద. ఆ మాటను ఇంకో రకంగా వాడే తెలుగువాళ్ళు ఉంటారని నాకెప్పుడూ తోచలేదు. కొట్టకుండా పిల్లల్ని బాగుచేయొచ్చని కూడా తోచలేదు.

నర్సు చదువు ముగిసి మిషన్ ఆస్పత్రిలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కన్నడం, తెలుగు రెండూ గడగడా వచ్చునని నన్ను ఇళ్ళు తిరిగే పనికి వేశారు. గుండె జ్వరం, మూర్ఛ, చక్కెర జబ్బు లాంటి ఎడతెగని రోగాలున్న పిల్లలు ఇంటికి వెళ్ళాక మందు సరిగా పడుతోందా లేదా చూసి రావాలి. అత్తిబెలె చెక్‌పోస్టు దాకా ఆ దారిన ఉన్న ఇళ్ళన్నీ నావే. భుజాన సంచీ, సంచీలో స్పిరిట్ దీపం, గాజు గొట్టాలు, మూత్రం పరీక్ష చేసే నీలం మందు సీసా. మందు మాన్పించిన తల్లుల్ని, తాయెత్తులకు తిరిగే తండ్రుల్ని వీధిలో నిలబెట్టి చీవాట్లు పెట్టేదాన్ని. నాకంటే పెద్దవాళ్ళు తలొంచుకుని వినేవాళ్ళు. అందులో ఒక మత్తు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాగవేణి మా వార్డుకు వచ్చేనాటికి ఎనిమిదేళ్ళ పిల్ల, కట్టెపుల్లలాగా ఉండేది. వాళ్ళ నాన్న ఓబులేసు అనంతపురం జిల్లా నుంచి కరువుకు తాళలేక వచ్చి హెబ్బగోడిలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. వరసగా గదులున్న వఠారంలో ఒక గది బాడుగకు తీసుకున్నారు. తల్లి రామలక్ష్మి మాట తక్కువ మనిషి, కన్నడం ఒక్క ముక్క రాదు. పిల్లకు సూది వేయాలంటే వార్డులో యుద్ధమే. ఇద్దరు ఆయాలు కాళ్ళు పట్టుకోవాలి, ఓబులేసు భుజాలు అదిమిపెట్టాలి, నేను తొడ మీద పొడవాలి. అది కాళ్ళతో తన్నేది, ఉమ్మేది. ఒకరోజు నా మణికట్టు రక్తం వచ్చేలా కొరికింది. ఓబులేసు అక్కడికక్కడే చెంప పగలగొట్టాడు. పిల్ల గోడకు కొట్టుకుని కింద పడింది. నేను "ఇప్పుడు పట్టుకోండి, కదలదు" అన్నాను. సూది వేసేశాను. ఆ రోజు పని త్వరగా అయిందని నాకు సంతోషంగా కూడా ఉండింది.

రెండు వారాలకు పిల్ల కోలుకుంది. ఇంటికి పంపే శనివారం డాక్టరు నాతో కన్నడంలో చెప్పాడు, రోజూ పొద్దున తిండికి ముందు సూది, పన్నెండు గీతలు, దినానికి ఒకసారి. నేను రామలక్ష్మికి సిరంజి ఉడకబెట్టడం, మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచడం, పన్నెండో గీత దాకా లాగడం అన్నీ నేర్పాను. ఆమె చేతులు మొరటువైనా ఒక్కసారికే పట్టేసింది. చివర్లో "తిండికి ముందర సూది, గుర్తుపెట్టుకో" అన్నాను. పొద్దున అనే మాట వదిలేశాను. తిండి అన్నాక మళ్ళీ పొద్దున అని ఎందుకు చెప్పాలి? ఒకసారి అని కూడా చెప్పలేదు. తిండి రోజుకు ఒక్కసారే కదా. "తిండికి ముందర. సరే సిస్టరమ్మా" అంది రామలక్ష్మి, పాఠం అప్పజెప్పినట్టు. మా ఇంట్లో అయితే ఆమెకు ఒక్క దెబ్బ కూడా పడేది కాదు.

సోమవారం పదకొండు గంటలకు హెబ్బగోడికి వెళ్ళాను. సిరంజి ఉడకబెట్టిన సత్తు గిన్నె పొయ్యి పక్కన బోర్లించి ఉంది, కుండలో ఇసుక తడిగా ఉంది. నీలం మందులో మూత్రం ఎనిమిది చుక్కలు వేసి దీపం మీద మరిగించాను. చక్కెర పోతుంటే అది ఆకుపచ్చగా, పచ్చగా, ఇటుక రంగుగా మారుతుంది. మారలేదు, నీలంగానే ఉంది. ఆ నీలం చూస్తే నాకు పండగే. రామలక్ష్మి వీపు తట్టాను. ఆమె ముఖంలో మాత్రం వెలుగు లేదు. "పాప ఊరికే ఊరికే కొట్లాడ్తాండాది సిస్టరమ్మా. నిన్న తమ్ముని ఎత్తి కింద ఏసింది. ఒళ్ళంతా చెమటలు, ఆకలి ఆకలి అంటాది" అంది. చక్కెర జబ్బులో ఆకలి మామూలేనని, గారాబం చేయొద్దని చెప్పి బస్సెక్కాను.

గురువారం వెళ్ళేసరికి గది యుద్ధభూమిలా ఉంది. పగిలిన కుండ పెంకులు మూలకు ఊడ్చిపెట్టి ఉన్నాయి. రామలక్ష్మి ముంజేతి మీద పళ్ళ గాట్లు. నాగవేణి వీపు మీద ఓబులేసు బెల్టు వాతలు, కొన్ని చోట్ల చర్మం చిట్లింది. రెండు రోజులుగా పిల్ల చేతికి దొరికినవాళ్ళని రక్కుతోందట, పక్కింటివాళ్ళ గదిలో దూరి బెల్లం దొంగిలించి పట్టుబడిందట. పరీక్ష చేస్తే ఆవేళ ఇటుక రంగు వచ్చింది. నా నీలం పోయింది. కోపంతో పిల్ల లంగా దులిపితే అంచు మడతలోంచి ఇంత బెల్లం గడ్డ కింద పడింది. చీమలు కూడా పట్టి ఉన్నాయి. నేను దాన్ని కొట్టాను. చెంప మీద ఒకటి, తల తిప్పుకుంటే వెనక మెడ మీద ఇంకొకటి. "ఆకలైతాంది" అంది, ఏడవకుండా. "ఆకలి కాదే, దొంగబుద్ధి" అన్నాను. వాళ్ళమ్మతో, బెల్లం చక్కెర అన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయండి, వేళకు కొలిచి పెట్టిందే పెట్టండి, మొండికేస్తే నాలుగు తగిలించండి, పిల్ల బతకాలంటే మీరే గట్టిగా ఉండాలి అని చెప్పాను. రామలక్ష్మి తలూపింది. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అదే పిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

మర్నాడు శుక్రవారం అత్తిబెలెలో గుండె జ్వరం పిల్లాడొకణ్ణి చూసి తిరిగి వస్తూ, పెట్టెకు తాళం వేశారో లేదో చూద్దామని హెబ్బగోడిలో దిగాను. మిట్టమధ్యాహ్నం. వఠారం ముందు జనం. లోపల నాగవేణిని గది మధ్య గుంజకు తువ్వాలుతో కట్టేసి ఉన్నారు. దాని కళ్ళు పైకి తిరిగాయి, నోటి నుంచి నురగ, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. ఓబులేసు వేపమండతో ఎడాపెడా బాదుతున్నాడు. "దిగుతావా లేదా, నా బిడ్డను ఇడ్సిపెడ్తావా లేదా" అని ఎవరినో అడుగుతున్నాడు. పక్కింటి ముసలామె పొయ్యిలో అట్లకాడ పెట్టింది, దాని కొన ఎర్రగా కాలుతోంది. "రొండు వాతలు పెడితే అదే దిగిపోతాది" అంటోంది, పప్పులో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా.

నేను మధ్యలోకి దూరాను. మండ దెబ్బ నా ముఖం మీద పడింది. పిల్ల ఒంటి మీద చెయ్యి వేస్తే నీళ్ళలోంచి తీసినట్టు తడి, చల్లదనం. చక్కెర పడిపోయిన ఒళ్ళు అలా ఉంటుందని చదువుకున్నాను, చూడటం అదే మొదలు. "తాళంచెవి, తాళంచెవి" అని అరిచాను. ఓబులేసు నా జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు. నేను అతని చెయ్యి కొరికాను, నాగవేణి నన్ను కొరికినట్టే. వదిలించుకుని లోపలికి పోయి రోటి పక్కనున్న గుండ్రాయి తీసుకుని పెట్టె తాళం మీద మోదాను. మూడు దెబ్బలకు కొండీ ఊడింది. నాలుగో దెబ్బ నా బొటనవేలి మీద పడి గోరు నల్లబడింది. బెల్లం నలిపి పిల్ల చెంప లోపల రుద్దాను, పళ్ళ సందుల్లో రుద్దాను. ఓబులేసు మళ్ళీ నా మీదికి వస్తుంటే రామలక్ష్మి కాలుతున్న అట్లకాడ చేతిలోకి తీసుకుని అతనికి ఎదురుగా నిలబడింది. "ముట్టుకుంటే నీకు పెడ్తా" అంది. అంతే, అతను ఆగిపోయాడు.

కొంతసేపటికి పిల్ల గుటక వేసింది, ఆ తర్వాత కళ్ళు తెరిచింది. నేను కట్లు విప్పుతూ రామలక్ష్మిని అడిగాను, ఈ పొద్దు సూది ఎప్పుడేశావు అని. "పొద్దున సద్దికి ముందర ఏస్తి. ఇబ్బుడు మజ్జానం సంకటికి ముందర ఏస్తి. రాత్రి సంకటికి ముందర ఇంకోటి ఏస్తా కదా. నువ్వు చెప్పినట్లే సిస్టరమ్మా, తిండికి ముందర" అంది. ఏం తిన్నా తిండే వాళ్ళకు. వాళ్ళ తెలుగులో ఆ మాటకు ఎప్పుడూ ఉన్న అర్థం అదే. శనివారం నుంచీ ఆ పిల్లకు రోజూ మూడింతల మందు పడుతోంది. ఒంట్లో చక్కెర అంతా పడిపోతుంటే అది రక్కింది, కొరికింది, బెల్లం దొంగిలించింది. ఆ బెల్లమే దాన్ని బతికించింది, దానికే నేను తాళం వేయించాను.

ఓబులేసు పిల్లను భుజాన వేసుకుంటే అందరం బస్సులో ఆస్పత్రికి వచ్చాం. గ్లూకోజు సీసా ఎక్కించారు. డాక్టరు వరండాలోకి వచ్చి, రోజుకు ఎన్నిసార్లు వేశారని కన్నడంలో అడిగాడు. వాళ్ళకూ ఆయనకూ మధ్య మాట చేరవేసేది నేనే. రామలక్ష్మి నా వైపు చూసి, "మూడు పూటలా, ఈయమ్మ చెప్పినట్లే" అంది. నేను కన్నడంలో "మూడు పూటలా అంటున్నారు" అన్నాను. రెండో సగం నా నోట్లోనే ఉండిపోయింది. డాక్టరు ముఖం జేవురించింది. చదువూ సంధ్యా లేని జనం, చెప్పింది ఒకటి చేసేది ఒకటి, పిల్లను చంపేదానివి కదా అని రామలక్ష్మి మీద విరుచుకుపడ్డాడు. ఓబులేసుకు ఫ్యాక్టరీ కన్నడం కొంచెం అర్థమవుతుంది. డాక్టరు అటు తిరగగానే భార్యను కొట్టాడు. చెయ్యి విసురుకు ఆమె ముక్కుపుడక పక్కన చీలి రక్తం వచ్చింది. ఆమె కొంగుతో ముక్కు అదిమిపెట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. నేను దూది తెచ్చి తుడిచాను. నోరు మాత్రం విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, నాన్నకు తెలుస్తుందని భయం. అంతకన్నా ఎక్కువ, అంతవరకు తలొంచుకుని విన్నవాళ్ళ ముందు నేను తలొంచాల్సి వస్తుందని భయం.

మర్నాడు పొద్దున ఇంట్లో ఉప్పిట్టు వాసన వచ్చింది. వాక్యాలయ్యాయి, నాన్న బెత్తం గోడకు తగిలించాడు, అమ్మ తిండి అయ్యింది రండి అంది. నేను కంచం ముట్టకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ ముఖం కడుక్కుంటుంటే నాన్న వచ్చి నిలబడ్డాడు. ఆయనకు అంతా చెప్పేశాను. పెద్దదాన్నయినా కొడతాడనే అనుకున్నాను, నిజానికి కొడితే బాగుండుననిపించింది. ఆయన బావి గట్టు వైపు చూస్తూ, "నాకు చెప్పి ఏం పుణ్యమమ్మా. ఎవరు దెబ్బలు తిన్నారో వాళ్ళతో చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ దినం ఆయన కూడా తినలేదని అమ్మ తర్వాత చెప్పింది.

ముందు డాక్టరుతో చెప్పాను. ఆయన తిట్టాడు కానీ ఉద్యోగం తీయలేదు. నేను అంత భయపడింది ఆ కాసిన్ని తిట్లకా అని ఇప్పటికీ మండుతుంది నా మీద నాకే. ఇప్పుడు ఆస్పత్రుల్లో బొమ్మలు గీసిన కాగితాలు ఇస్తున్నారు, పిల్లల చేతికి అంటించిన బిళ్ళ చక్కెర పడిపోతే తానే కూస్తుంది. పిల్లల్ని కొడితే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. ఆ రోజులే మంచివని మావాళ్ళెవరైనా అంటే నేను లేచి వెళ్ళిపోతాను. ఆ రోజుల్లో మా అందరి చేతులూ ముందు లేచేవి, చెవులు తర్వాత. నాన్నవి, ఓబులేసువి, నావి. చదువు నాకొక్కదానికే ఉంది కాబట్టి నా చేతికి ఎవరూ అడ్డం రాలేదు, అంతే తేడా.

పిల్లను ఇంటికి పంపిన మర్నాడు పొద్దున్నే హెబ్బగోడికి వెళ్ళాను. రామలక్ష్మి గడప దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముక్కు పక్కన గాయం పక్కు కట్టింది. నిలబడే చెప్పాను, తప్పు నీది కాదు, నాదే, మా ఇంట్లో తిండి అంటే పొద్దున తినేది, నీ దగ్గర ఆ మాటకు వేరే అర్థముందని నేను ఆలోచించలేదు అని. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆ పొద్దు డాక్టరయ్యతో యాల చెప్పలేదు?"

"భయపడి."

లేచి నా చెంప మీద కొట్టింది. బరువులు మోసిన చెయ్యి, చెవిలో గుయ్యిమంది. వఠారంలో నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు వదిలి చూశారు. రామలక్ష్మి నా చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళి, ఉడకబెట్టిన సిరంజి తీసి నా ముందు పెట్టింది.

"ఇబ్బుడు చెప్పు. మా మాటల్లో చెప్పు."

"పొద్దున లేసినాక. మొగం కడిగినాక. సద్ది తాగకముందర. దినానికి ఒక్కసారే. మజ్జానం సంకటికి వద్దు, రాత్రి సంకటికి వద్దు. చెమటలు పట్టినా, కొట్లాడినా, ఆకలన్నా ముందు బెల్లం పెట్టాల."

ఆమె ఒక్కో ముక్కా తిరిగి చెప్పింది. నేను ఇంకోసారి అడిగాను, ఇంకోసారి చెప్పింది. రాత్రి పని ముగించుకుని ఓబులేసు అప్పుడే వచ్చి గుమ్మంలో వింటున్నాడు. అతనికీ మొదటి నుంచీ చెప్పాను. అతని కళ్ళు భార్య ముక్కు మీదికి పోయి, అక్కడ నిలవలేక కిందికి దిగాయి.

"పాప బెల్లం దొంగిలించింది ఆకలికేనా సిస్టరమ్మా?"

"ప్రాణం నిలబడ్డానికి."

అతను నడుముకున్న బెల్టు విప్పి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలో పట్టుకుని, చూరు మీదికి విసిరేశాడు. రామలక్ష్మి పొయ్యి రాజేసింది.

నాగవేణి చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని మమ్మల్నందర్నీ చూస్తోంది. దాని పక్కన కూర్చుని, నేను కొట్టింది తప్పు అన్నాను. అది మెల్లగా అడిగింది:

"ఆకలైతే అడగొచ్చునా?"

"అడగొచ్చు."

అది నా ముఖం వైపు చూడలేదు. నా కుడిచేతి వైపే చూస్తోంది. నేను రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాను. అప్పుడు తిండి అడిగింది.